రంగు తేలేలోగా

మూడు వారాల్లో తొమ్మిది చేపలు పోయాయి. పదోది ఆ గురువారం మధ్యాహ్నం పక్కకు ఒరిగి నీటి మీద తేలింది.

ఇందుమతి దాన్ని చిన్న వలతో తీసి పాత పేపరు మీద పెట్టింది. వేలెడు చేప. నారింజ రంగు ఇంకా వాడలేదు. తొట్టెలో ఇక నాలుగే మిగిలాయి. ఆ నాలుగూ పైకి వచ్చి, గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి.

“హజరత్, మా అమ్మాయిని మీరొకసారి అడగండి,” అంది. “మీ దగ్గర అబద్ధం చెప్పదు.”

అందరూ హజరత్ అని పిలిచే దస్తగిరి సాహెబు గోడకు ఆనుకుని కూర్చున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. యాభై ఏళ్ళు దూది ఏకి పరుపులు కుట్టిన చేతులు ఆయనవి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఆయన పరుపు లేని ఇల్లు ఒకప్పుడు తక్కువ. ఇప్పుడు సూది పట్టడం లేదు. గురువారం సాయంత్రాలు పదిహేను మంది దాకా వచ్చి ఆయన ముందు కూర్చుంటారు. ఎవరిది ఏ కులమో ఎవరూ అడగరు. కాసేపు దేవుడి పేరు తలుచుకుంటారు. దాన్ని జిక్ర్ అంటారు. తర్వాత టీ తాగి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు.

“ఏం అడగమంటావమ్మా?” అన్నారు హజరత్.

“మేత ఎంత వేసిందో.”

“చెప్పింది గదా.”

“చెప్పింది. నీళ్ళ రీడింగు వేరే చెప్తోంది.”



నీళ్ళు ఇందుమతికి కొత్త కాదు. ఇరవై రెండేళ్ళుగా రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని. కోవూరు, ఇందుకూరుపేట వైపు నుంచి రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకుని వస్తారు. ఉప్పు ఎంతుంది, ఆక్సిజన్ ఎంతుంది, అమ్మోనియా ఎంతుంది చూసి చీటీ రాసిస్తుంది. ఆమె చీటీ చూడనిదే చెరువులో చెయ్యి పెట్టని రైతులున్నారు.

భర్త చనిపోయిన ఏడాది నుంచీ, అంటే ఆరేళ్ళుగా, హజరత్ దగ్గరికి వస్తోంది. కూతురు లిఖిత కూడా వచ్చేది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, డిగ్రీ రెండో ఏడు.

ఆ గాజు తొట్టె హజరత్ కొన్నది కాదు. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక బ్యాంకు ఉద్యోగి ఇచ్చిపోయాడు. నాలుగడుగుల పొడవు. మూలన చిన్న మోటారు, దానికి తొడిగిన నల్ల స్పాంజి. మోటారు నీళ్ళను స్పాంజిలోంచి లాగుతుంది. మురికి స్పాంజిలో ఆగిపోతుంది, నీళ్ళు తేటగా బయటికి వస్తాయి. ఫిల్టరంటే అంతే.

ఉగాది వెళ్ళాక ఒక గురువారం ఇందుమతి ఆ స్పాంజిని బయటికి తీసి చూసింది. వేళ్ళకు గోధుమరంగు జిడ్డు అంటుకుంది. ఆమె ముఖం చిట్లించింది.

“ఇంత మురికి ఇంట్లో పెట్టుకునా మనం జిక్ర్‌కి కూర్చునేది? దీని సంగతి నాకు వదిలెయ్యండి హజరత్.”

కూర్చునే ముందు అందరూ పెరటి కుళాయి దగ్గర ముఖం, కాళ్ళు, చేతులు కడుక్కోవడం ఆ ఇంటి పద్ధతి. ఆ రోజు నుంచి ఇందుమతి వాటితోపాటు స్పాంజిని కూడా కడిగేది. ప్రతి గురువారం. మునిసిపాలిటీ కుళాయి కింద పట్టి, పిండి, మళ్ళీ పట్టి, మళ్ళీ పిండి, తేట నీళ్ళు వచ్చేదాకా వదిలేది కాదు. అందరికంటే ఆఖరున వచ్చి కూర్చునేది. అందరికంటే శుభ్రంగా వచ్చానని ఆమెకు తెలుసు. ఆ తెలియడం ఆమెకు కాస్త ఇష్టంగానే ఉండేది.

రెండో నెలలో చేపలు నీరసపడ్డాయి. ఇందుమతి నీళ్ళు పరీక్షించింది. అమ్మోనియా ఒకటి. ఉండాల్సింది సున్నా.

ఆ తర్వాత ఆమె వెతకని చోటు లేదు. పరీక్ష మందు పాతబడిందేమోనని కొత్త సీసాలు తెచ్చింది. గాజు గొట్టాల్ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగింది. కుళాయి నీళ్ళను విడిగా కొలిచింది. సున్నా. తొట్టెలో పోసే నీళ్ళలో క్లోరిన్‌ను విరిచే చుక్కలు వేయడం ఒక్కసారి కూడా మరవలేదు. మోటారు విప్పింది. బాగానే తిరుగుతోంది. సగం నీళ్ళు తోడి కొత్తవి పోసింది. రెండు రోజులు తగ్గి మళ్ళీ ఎక్కింది. స్పాంజిని ఇంకా గట్టిగా కడిగింది. అమ్మోనియా రెండుకు పోయింది.

కాగితం మీద ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చింది. చివరికి ఒకటి మిగిలింది. మేత. ఎక్కువైన మేత అడుగున కుళ్ళితే అమ్మోనియా అవుతుంది.

మేత వేసేది లిఖిత. కాలేజీ నుంచి వస్తూ రోజూ ఆగి వేసేది.

పోయిన గురువారం అందరూ కూర్చున్నాక ఇందుమతి అడిగింది.

“రోజూ ఎంత వేస్తున్నావే?”

“చిటికెడమ్మా.”

“ఎంత చిటికెడు?”

లిఖిత బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి చూపించింది.

“అబద్ధం. అవి నోరు తెరిస్తే జాలిపడి డబ్బా వంపేస్తున్నావు. చిన్నప్పటి నుంచీ నీకదే.”

“లేదమ్మా. నిజంగా.”

“రీడింగు రెండొచ్చింది. అది అబద్ధం చెప్తుందా?”

పదిహేను మంది చూస్తున్నారు. లిఖిత ముఖం పాలిపోయింది.

“నేను చెప్తున్నాను కదమ్మా,” అంది. 

రెండోసారి అనలేదు. లేచి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఇంట్లో తన కంచం తనే పెట్టుకుని తింటోంది. అడిగిన దానికి ‘ఊఁ’, లేకపోతే ‘ఊఁహూఁ’. ఈరోజు కూడా తల్లిని స్కూటీ మీద తెచ్చి దింపింది. లోపలికి మాత్రం రాలేదు. సందు మొదట్లో బండి మీదే కూర్చుంది.

“మేడమ్,” అన్నాడు టైలరు మౌలాలి, గుమ్మం దగ్గర చొక్కా చేతులు మడుచుకుంటూ. “పాప రాక వారమాయె. మేత నేను ఏస్తన్నా, నువ్వు చెప్పినట్టే గింజలు లెక్కపెట్టి. అయినా దిగలేదంటివి. మరి డబ్బా వంపేదెవురు? జిన్నులా?”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఇందుమతి నవ్వలేదు.

“అంతకుముందు వేసింది గులకరాళ్ళ కింద ఉంటుంది. కుళ్ళుతూ ఉంటుంది.”

“అట్నా. హజరత్, మీరు కూడా జాగ్రత్తగా ఉండండి. మేడమ్ మిమ్మల్ని కూడా గొట్టంలో పోసి చూస్తాది.”

“చూడనీరా,” అన్నారు హజరత్. “ఏం తేలతాదో నాకూ తెలవాల.”

“నవ్వులాట కాదు హజరత్.” ఇందుమతి పేపరు మీది చేపను చూపించింది. “పది ప్రాణాలు పోయాయి. అది ఒక్క మాట ఒప్పుకుంటే చాలు. నేనేమీ అనను. ఒప్పుకోమనండి.”

ఆయన తొట్టె వైపు చూశారు. తర్వాత గుమ్మంలోంచి సందు వైపు చూశారు. 

ముఖాలు కడుక్కునే వేళైంది. ఒక్కొక్కరే పెరట్లోకి నడిచారు. ఇందుమతి కూడా స్పాంజిని మోటారు నుంచి ఊడదీసి, ప్లాస్టిక్ బేసినులో వేసుకుని, వరసలో ఆఖరున నిలబడింది. తన వంతు వచ్చింది. కుళాయి మీద చెయ్యి వేసింది.

“ఇటియ్యి.”

హజరత్ వెనకే ఉన్నారు. మోకాళ్ళ నొప్పితో గడప దాటడమే కష్టమైన మనిషి, ఎప్పుడు లేచి వచ్చారో ఎవరూ చూడలేదు. బేసినులోంచి స్పాంజి తీసుకున్నారు. దూది పోగును చూసినట్టు వేళ్ళతో ఒకసారి నొక్కి చూశారు. గదిలోకి నడిచారు. తొట్టె మూత ఎత్తి పక్కన పెట్టారు.

స్పాంజిని నీళ్ళ మీద పట్టుకుని రెండు చేతులా పిండారు.

గోధుమరంగు మురికి తొట్టెలోకి పొగలా దిగింది.

“హజరత్!”

అది అరుపు. ఆ ఇంట్లో ఆరేళ్ళలో ఇందుమతి ఎప్పుడూ అంత గొంతు ఎత్తలేదు. పెరట్లో వాళ్ళంతా గుమ్మానికి వచ్చి నిలబడిపోయారు. మౌలాలి గడ్డం నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

ఆయన ఇంకోసారి పిండారు. నీళ్ళు టీ రంగులోకి తిరిగాయి. నాలుగు చేపలూ కనబడకుండా పోయాయి.

“చచ్చిపోతాయి హజరత్! ఉన్న నాలుగూ పోతాయి!”

ఆయన స్పాంజిని మోటారుకు తొడిగారు. చేతులు తువ్వాలుతో తుడుచుకున్నారు.

“నీ పెట్టె ఇయ్యి.”

పరీక్ష మందుల పెట్టె. ఇందుమతి సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని తలగడ కింద పెట్టుకున్నారు.

“రెండు వారాలు. కడగొద్దు, కొలవొద్దు.”

ఆ రోజు అందరూ జిక్ర్ చేశారు. ఇందుమతి పెదాలు కదిలాయి గానీ చూపంతా తొట్టె మీదే ఉంది. ఆ బురదలో ఏం జరుగుతోందో కనబడలేదు.

మర్నాడు ఉదయమే మౌలాలికి ఫోను చేసింది.

“ఉన్నాయా?”

“ఉండాయి.”

“నాలుగూనా?”

“నాలుగూ ఉండాయి మేడమ్. నీళ్ళు కూడా తేరుకుంటన్నాయి. నువ్వు పడుకో పో.”

“తెల్లారింది మౌలాలీ.”

“అయితే లేచి టీ పెట్టుకో.”

తర్వాతి గురువారం వెళ్ళింది. నీళ్ళు తేటపడ్డాయి. చేపలు నాలుగే, అయినా నాలుగూ ఉన్నాయి. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, చేతికి ఇంక పని లేక, అందరితోపాటే వచ్చి కూర్చుంది. తలగడ కింద పెట్టె అంచు కనబడుతోంది. అడగలేదు.

ఆ శనివారం ల్యాబుకు పెంచలయ్య వచ్చాడు. ఇందుకూరుపేట అవతల రెండెకరాల చెరువు అతనిది. సీసా బల్ల మీద పెట్టి, నిలబడే మాట్లాడాడు.

“అమ్మోనియా దిగి చావడం లేదు మేడమ్. ఏం చెయ్యలేదని కాదు. చెయ్యాల్సిందంతా చేసినా.”

ఇందుమతి పరీక్ష పెట్టింది. ముదురు ఆకుపచ్చ తేలింది, అంటే అమ్మోనియా చాలా ఎక్కువ.

“ఏం చేశారు?”

“శానిటైజరు కొట్టినా. చెరువు శుభ్రంగా ఉంటే రొయ్య బాగుంటాదన్నారు. తగ్గకపోతే మళ్ళా కొట్టినా. మొన్న మళ్ళా.”

“మతి ఉండే చేశారా పెంచలయ్యా?” ఆమె అప్పటికే చీటీ రాయడం మొదలుపెట్టింది. “అమ్మోనియాని తినేది ఆ అడుగు బురదలో ఉండే సూక్ష్మజీవులు. కంటికి కనబడవు. మురికిలోనే బతుకుతాయి. వాటిని మీరే చంపుకుంటే ఇంక దాన్ని తినేదెవరు? మీరు శుభ్రం చేసేకొద్దీ పెరు—”

పెన్ను ఆగిపోయింది.

ఆ మాటలు రోజుకు నలుగురికి చెప్తుంది. ఇరవై రెండేళ్ళుగా చెప్తోంది. ఇప్పుడు మొదటిసారి తన చెవిన పడ్డాయి.

మునిసిపాలిటీ కుళాయి కింద తన చేతులు కనబడ్డాయి. ఆ నీళ్ళకు బ్లీచింగు వాసన. తొట్టెలో పోసే నీళ్ళకు చుక్కలు వేసేది. స్పాంజిని మాత్రం ఆ కుళాయి కిందే పట్టేది. తేట నీళ్ళు వచ్చేదాకా. ప్రతి గురువారం.

అమ్మోనియాని తినేవి ఆ జిడ్డులోనే ఉండేవి.

“ఏంది మేడమ్?” పెంచలయ్య బల్ల మీదకు వంగాడు. “నా రొయ్యలు ఇంక లేనట్టేనా?”

“లేదు, లేదు.”

“మీ ముఖం చూస్తే భయమేస్తాంది. ఉన్నదున్నట్టు చెప్పండి, నేను తట్టుకుంటా.”

“మీ రొయ్యలకు ఏం కాదు పెంచలయ్యా. కూర్చోండి.”

కూర్చున్నది ఆమే. చీటీలో మిగతా ముక్క రాయడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి లిఖిత మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తల్లి చీరలు ఒక పక్క, తన బట్టలు ఒక పక్క. ఇందుమతి గుమ్మంలో నిలబడింది.

“ఏంటమ్మా?”

గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఖాయంగా తెలిసిందా? లేదే. స్పాంజి ఒక కారణం. అదొక్కటే కారణమని ఎట్లా చెప్పడం? పిల్ల మేత కూడా ఎక్కువ వేసి ఉండొచ్చు. ఇంకో నాలుగైదు రోజులు. పెట్టె చేతికి వస్తుంది. కొలిస్తే తేలిపోతుంది. తేలాక చెప్పొచ్చు.

“ఏం లేదు. అన్నం తిన్నావా?”

“ఊఁ.”

ఆదివారం అలాగే గడిచింది. సోమవారం, మంగళవారం కూడా. బుధవారం పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ ఇందుమతి కూతురి వేళ్ళు చూసింది. సన్నటి వేళ్ళు. బొటనవేలూ చూపుడువేలూ ఎంత చిటికెడు పట్టగలవో అప్పుడు చూసింది. ఆ రోజు కూడా చెప్పలేదు.

గురువారం ఎవరూ రాకముందే వెళ్ళింది. లిఖిత ఎప్పటిలాగే సందు మొదట్లో ఆగిపోయింది. రోహిణి కార్తె ఎండ మండిపోతోంది.

తొట్టెలో నాలుగు చేపలూ నీళ్ళ మధ్యలో తిరుగుతున్నాయి. నోళ్ళు మూసుకుని ఉన్నాయి. ఒక్కటీ పైకి రావడం లేదు.

“రెండు వారాలైంది హజరత్.”

ఆయన తలగడ కింద నుంచి పెట్టె తీసి ఇచ్చారు.

ఇందుమతి గొట్టంలో తొట్టె నీళ్ళు గీత దాకా పట్టింది. మొదటి సీసా నుంచి ఎనిమిది చుక్కలు. రెండో సీసా నుంచి ఎనిమిది. లెక్క ఒకసారి తప్పి, పారబోసి మళ్ళీ మొదలుపెట్టింది.  మూత బిగించి, ఊపి, కిటికీలో పెట్టింది.

“మీకు ముందే తెలుసా?” అంది. “కారణం స్పాంజిలో ఉందని?”

“నీళ్ళ సంగతి నాకేం తెలుసమ్మా? పరుపులు కుట్టుకునేవాణ్ణి.”

“మరి?”

“ఆ బిడ్డ చిటికెడే అనింది. సరే, చిటికెడే. మరి ఇంకేం మారింది ఈ ఇంట్లో అని చూసినా.”

 ఇందుమతి కాగితం మీద అన్నీ ఉన్నాయి. మందు, గొట్టం, కుళాయి, మోటారు, మేత. అన్నిటినీ నమ్మి చూసింది, కొట్టేసి చూసింది. కూతురి మాట ఒక్కదానికి ఆ పని చెయ్యలేదు.

హజరత్ కిటికీలోని గొట్టం వైపు చూశారు.

“ఎంతసేపు పడతాది?”

“ఐదు నిమిషాలు. రంగు తేలాలి.”

“తేలినాక?”

“పసుపు వస్తే అమ్మోనియా లేనట్టు. వెళ్ళి లిఖితకు చెప్తాను. తప్పు నాదేనని.”

“ఆకుపచ్చ వస్తే?”

ఇందుమతి నోరు తెరిచింది.

బయట సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. తొట్టెలో మోటారు చప్పుడు.  ఆకుపచ్చ వస్తే తను ఏం చేసేదో ఆమెకు తెలుసు. మళ్ళీ కూతురి చిటికెడు దగ్గరికే వెళ్ళేది.

హజరత్ భుజం మీది తువ్వాలు తీశారు. కిటికీ దగ్గరికి నడిచి, గొట్టం మీద కప్పారు.

“రంగు తేలేలోగా పో అమ్మా,” అన్నారు.

ఇందుమతి లేచింది. గుమ్మం ఎప్పుడు దాటిందో, సందు ఎప్పుడు నడిచిందో తెలియలేదు. లిఖిత కిరాణా కొట్టు రేకు నీడలో బండి మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది.

“అప్పుడే అయిపోయిందా?”

“లేదు.”

“మరి?”

“నువ్వు చిటికెడే వేశావు,” అంది ఇందుమతి.

లిఖిత తలెత్తింది.

“పదిహేను మందిలో నిన్ను అబద్ధాలకోరును చేశాను. తప్పు నాది.”

లిఖిత ఫోను పక్కన పెట్టింది. తల్లి ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

“టెస్టు చేశావా?”

“పెట్టాను.”

“ఎంతొచ్చింది?”

“చూడలేదు.”

లిఖిత చూపు కిందికి దిగింది. తల్లి పాదాల దగ్గర ఆగింది.

“చెప్పులేవమ్మా? కాళ్ళు కాలడం లేదా?”

కాలుతున్నాయని ఇందుమతికి అప్పుడు తెలిసింది.

లిఖిత బండి దిగింది.